తొమ్మిదో గడి

హెట్టీ మెక్‌ఫైల్ కారు దిగి గేటు తీసింది, కారును లోపలికి పోనిచ్చింది, మళ్ళీ దిగి గేటు వేసింది. పొద్దున్నుంచి ఇది పదకొండో గేటు. ఒక్క ఆవు బయటపడినా జనాభా లెక్కలవాళ్ళ వంశాన్నంతా తిట్టిపోసే కౌంటీ మాది, అందుకని ఆమె గొళ్ళెం రెండుసార్లు లాగి చూసుకుంది. ఏప్రిల్ పన్నెండు, బుధవారం. పొగాకు నారుమళ్ళ మీద కప్పిన తెల్లగుడ్డలు గాలికి లేస్తున్నాయి.

ఆమెకు అరవై మూడేళ్ళు. పొడుగుపాటి మనిషి, సన్నటి మెడ, కుడి మధ్యవేలి మీద కలం రాపిడికి కట్టిన కాయ. ఏడాదంతా విత్తనాల దుకాణంలో తూకం వేస్తుంది. పొగాకు విత్తనం దుమ్ములా ఉంటుంది, తుమ్మితే ఎకరం పంట ఎగిరిపోతుంది. నలభై ఏళ్ళలో ఆమె ఒక్కసారీ తుమ్మలేదని మేం చెప్పుకుంటాం. పెళ్ళి కాలేదు. అడిగినవాడు ఒకడుండేవాడు. ఆలోచించుకుని చెబుతానంది. ఈమె ఆలోచన తెమిలేలోగా వాడు ఈమె చెల్లెల్ని చేసుకున్నాడు. ఇలాంటి మనిషికి ప్రభుత్వం ఒక పెద్ద అట్ట, కట్టెడు కాగితాలు ఇచ్చి, కిన్‌లా కౌంటీలో నల్లవాగుకి అవతల ఉన్న జనాన్నంతా రాసుకు రమ్మంది. పంతొమ్మిదివందల ముప్పైలోనూ ఇచ్చింది. ఇప్పుడు ఏభైలో మళ్ళీ ఇచ్చింది.

పేరు అడిగి రాయాలి, వయసు అడిగి రాయాలి. తొమ్మిదో గడి మాత్రం అడగకూడదు, చూసి రాయాలి. తెల్లవాడా, నల్లవాడా, ఆదివాసియా అన్నది ఆ గడి. మా కౌంటీలో అడగక్కర్లేదని మా నమ్మకం. బడులు మూడు, శ్మశానాలు మూడు. సినిమాహాల్లో కింద తెల్లవాళ్ళు, మేడ మీద మధ్యలో చెక్క అడ్డం పెట్టి అటు నల్లవాళ్ళు, ఇటు ఆదివాసులు. ఎవరు ఏ మెట్లెక్కుతారో చూస్తే సరిపోతుందిగా అంటాం. ఎంత తెలివో మాది!

ఆ పొద్దున్నే ఆ ఒక్క ఇసుకరోడ్డు మీద ఆమె ఎనిమిది ఇళ్ళు రాసింది. స్కాట్లండు కొండల నుంచి పడవెక్కి వచ్చిన వాళ్ళ మునిమనవడు. ఓడరేవులో తాతను తూకం వేసి అమ్మితే ఇక్కడికి చేరిన లోంజో గోర్. లెబనాన్ నుంచి కుర్రతనంలో వచ్చి, గాడిద మీద గుడ్డలమూట వేసుకు తిరిగి, ఇప్పుడు అడ్డరోడ్డు దగ్గర కొట్టు నడుపుతున్న సలీబా. యుద్ధం నుంచి మాకోయ్ కుర్రాడు వెంటబెట్టుకొచ్చిన జర్మన్ పిల్ల. కలం పక్కన పెట్టి హెట్టీ ఒక్క క్షణం ఆ కాగితం వంక చూస్తూ ఉండిపోయింది. ఇంతమంది, ఇన్ని సముద్రాలు దాటి, ఈ ఇసుకలో టర్నిప్ దుంపలు పండించుకోవడానికి వచ్చారా! ఎవరు పిలిచారు వీళ్ళని? ఆమెకి ఒళ్ళు జలదరించింది.

తొమ్మిదో ఇల్లు జాకబ్స్‌వాళ్ళది. వరండాలో ఇనప మంచం వేశారు. మంచం మీద డోషియా జాకబ్స్ గడ్డం దాకా దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. ఎనభై నాలుగేళ్ళు. ముఖం మీద చర్మం ఎముకకి అంటుకుపోయింది, ఊపిరి పైపైనే ఆడుతోంది, కళ్ళు మాత్రం పిట్టకళ్ళలా చురుగ్గా ఉన్నాయి. మనవరాలు వెర్లీ చేతుల పిండి తుడుచుకుంటూ వచ్చి కుర్చీ వేసింది.

ఆరుగురు. పేర్లు, వయసులు వెర్లీ చెప్పింది, హెట్టీ రాసుకుంది. తొమ్మిదో గడి దగ్గర కలం పెట్టబోతుంటే వెర్లీ అంది.

"అక్కడ ఏం రాస్తారు, మిస్ హెట్టీ?"

"చూసిందే రాస్తాను."

"చూసిందేనా? ఒక్క నిమిషం." లోపలికి వెళ్ళి మడతలు పడ్డ కాగితం తెచ్చింది. ముసలమ్మ పింఛనుకి వయసు రుజువు కావాలంటే రాజధాని నుంచి వచ్చిన నకలట అది. ముప్పై లెక్కల్లో డోషియా పేరు ఎదురుగా 'నీగ్రో' అని ఉంది. "వయసు సరిపోయింది, పింఛనూ వచ్చింది. కానీ ఈ కాగితం మా బడి కమిటీ కళ్ళబడింది. మా పాప ఇనెజ్‌కి ఆరేళ్ళు. ఆదివాసుల బడిలో చేర్చుకోం, మీ మామ్మ ఆదివాసి కాదని ప్రభుత్వమే రాసిందన్నారు. మా సొంత మేనమామ ఉన్నాడండీ ఆ కమిటీలో! గోర్ వాళ్ళ పిల్లలతో పంపండి అన్నారు. పంపుతాను, వాళ్ళేం తక్కువా? మా ఇల్లు కాలినప్పుడు అన్నం పెట్టింది వాళ్ళే. కానీ మేం గోర్లం కాదు కదా. ఎవరింట్లో తిన్నామో ఆ మనుషులమైపోతామా?"

హెట్టీ నకలు చూసింది. చూడక్కర్లేదు కూడా, ఆ వాన ఆమెకి గుర్తుంది. ముప్పైలో కుండపోతగా కురుస్తుంటే కారు అద్దం బెత్తెడు దించి, లోంజో తండ్రిని కేకేసి అడిగింది, ఇంట్లో ఎంతమందని. పదకొండు మంది అన్నాడు. ఇల్లు కాలి తలదాచుకున్న జాకబ్స్‌వాళ్ళు ఆ పదకొండులో ఐదుగురు. ఆమె మొదటి గీతలో రాసి, కింద పది గీతల్లోనూ 'పైదే' అన్నట్టు చిన్న గుర్తులు పెట్టుకుంటూ పోయింది. తడవకుండా ఇంటికి చేరానని సంతోషించింది కూడా.

"అది రాసింది నేనే," అంది హెట్టీ. మంచం వైపు తిరిగింది. "డోషియా, ఆ తప్పు నాది."

మంచం మీంచి చిన్న నవ్వు వినబడింది. "తెలుసమ్మాయ్. ఆ వానలో నీ కారు నేను గుర్తుపట్టలేదనుకున్నావా? ఆ తర్వాత నలభైలో ఒకాయన వచ్చాడు, కళ్ళజోడు పగిలిందట, నన్ను తెల్లదాన్ని చేసి పోయాడు. పదేళ్ళు దొరసానిగా బతికాననుకో. సినిమాహాల్లో కింద కూర్చోనిచ్చారు కాదుగానీ!"

నవ్వు దగ్గులోకి దిగింది. వెర్లీ వీపు నిమిరింది. దగ్గు తగ్గాక ముసలమ్మ మళ్ళీ అంది. "అందరూ చూశారు. ఎవ్వరూ అడగలేదు."

మా కౌంటీలో తెల్లవాళ్ళు వాగు అవతలి నల్లవాళ్ళనీ, ఆదివాసుల్నీ 'మీరు' అనరు. హెట్టీ పుట్టి బుద్ధెరిగి అనలేదు. ఇప్పుడు అట్ట ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, చేయకూడని పని చేసింది.

"డోషియా గారూ, మీరు ఎవరండీ?"

ముసలమ్మ ముఖం హెట్టీ వైపు తిప్పింది. ఆమె కళ్ళు నిండాయి.

"మేం ఇక్కడివాళ్ళం. ఈ వాగు ఎప్పట్నించి ఉందో అప్పట్నించి. మీ మెక్‌ఫైల్ ముత్తాత పడవ దిగి చిత్తడిలో దారి తప్పితే రేవు చూపించింది మావాళ్ళే." కాస్త ఆగింది. "చూపించకుండా ఉండాల్సింది."

హెట్టీ నవ్వేసింది. నవ్వుతూనే మొదటి గీతలో రాసింది. రెండో గీతలో గుర్తు పెట్టలేదు. పేరు పేరుకీ, ఆరుసార్లు, పూర్తి మాట రాసింది.

"ఎంతమందిమి తేలాం?" అంది డోషియా.

చెప్పకూడదు. హెట్టీ కాగితాలు వెనక్కి తిప్పి, వేలు పెట్టి లెక్కపెట్టింది. "వాగుకి ఇవతల మీవాళ్ళు, మీతో కలిపి రెండువందల పదకొండు. ఇంకా సగం రోడ్డుంది."

"రెండొందలా!" డోషియా తల దిండు మీంచి లేచింది. "ఓరి నాయనోయ్! విన్నావటే వెర్లీ? నా చిన్నప్పుడు నాలుగు పొయ్యిలు, అంతే. జ్వరాలొచ్చిన ఏడు రెండు ఆరిపోయాయి. రెండొందలటే!" ఆ మాట ఆమె మళ్ళీ మళ్ళీ అంది, పండగ వంటకం రుచి చూసినట్టు. హెట్టీకి కూడా గుండె నిండిపోయింది. ఇన్నేళ్ళూ ఆమె గింజలు తూచింది, గడులు నింపింది. ఒక మనిషికి తనవాళ్ళు ఎంతమందో చెప్పడం ఇదే మొదటిసారి.

రెండు గంటల తర్వాత సలీబా కొట్టు అరుగు మీద కూర్చుని ఆమె సార్డీన్ చేపల డబ్బా, బిస్కెట్లు తింటోంది. వెర్లీ ఇసుకలో నడిచి వచ్చింది. చేతులకి మళ్ళీ పిండి అంటుకుని ఉంది.

"మామ్మ పోయింది, మిస్ హెట్టీ. మీరు వెళ్ళాక నిద్రపోయింది, అంతే." పక్కనున్న అట్ట వంక చూసింది. "ఆ గీత ఇప్పుడు కొట్టేస్తారా? అది కనుక్కోవాలనే వచ్చాను."

సలీబా టోపీ తీశాడు.

"కొట్టేయను," అంది హెట్టీ. "ఏప్రిల్ ఒకటి తెల్లవారేసరికి ఊపిరున్న వాళ్ళంతా ఈ లెక్కలో ఉన్నట్టే. ఆమె ఉంది. ఎవరూ తీసేయలేరు."

"కానీ ఈ కాగితం బడివాళ్ళకి చూపించరుగా."

"చూపించరు. ఆ మనిషే పింఛనుకని అడిగితే తప్ప, డెబ్భై ఏళ్ళు పెట్టెలో పెట్టి తాళం వేస్తారు." హెట్టీ డబ్బా పక్కన పెట్టి లేచింది. "సోమవారం నేనే వస్తాను మీ కమిటీకి. ముప్పైలో తప్పు రాసిన చెయ్యి ఇదేనని చెబుతాను."

సలీబా కంగారుపడ్డాడు. "బయట చెప్పనని ప్రమాణం చేశావు కదమ్మా! జైల్లో పెడతారు."

"పెట్టనీ. అరవై మూడేళ్ళొచ్చాయి, ఇంతవరకూ జైలు చూడలేదు," అంది హెట్టీ. కారు తాళంచెవి రెండుసార్లు జారింది.

వెర్లీని కార్లో ఎక్కించుకుని వెనక్కి తీసుకెళ్ళింది. మంచం దగ్గర ఎవరో అప్పటికే పాట ఎత్తుకున్నారు. హెట్టీ వరండా ఎక్కి, చూసి, ఇంటి వెనక్కి వచ్చి నిలబడింది. పెరట్లో రెండు పుల్లల మధ్య తాడు కట్టి ఒక సాలు గీసి ఉంది. పోయిన వారం మంచం పట్టేదాకా ముసలమ్మే నాటిందట; సగం దాకా ఉల్లిమొక్కలు పచ్చగా నిలబడ్డాయి. అవి ఆగిన చోట మిగిలిన ఉల్లిగడ్డలతో ఒక గంప ఉంది, గడ్డలు గంపలోనే మొలకలెత్తాయి.