ముందు సీటు మర్యాద

నాగకుమారి కంటికి మనుషులు ఆనరు. నలభై ఏళ్లు కాపురం చేసిన రత్తయ్యే ఆనలేదు, ఇక పికప్ బండి ఏం ఆనుతుంది! కొడుకు ప్రేమ్‌చంద్ దాన్ని నిజామాబాద్ నుంచి తెచ్చి వాకిట్లో నిలిపి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "హారతి నువ్వే ఇవ్వాలమ్మా" అన్నాడు. ఆవిడ పళ్లెం పట్టుకుని బండి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. వెనకాల ఖాళీగా ఉన్న ఇనప బాడీని ఎగాదిగా చూసింది.

"సగం కారే కొన్నావేంట్రా? మిగతా సగం ఎప్పుడిస్తారంట?" అంది.

ప్రేమ్‌చంద్ నవ్వేశాడు. వాడికి తల్లి నోరు అలవాటే. చెరుకు విత్తనం తేవడానికైనా, కూరగాయలు బోధన్ మార్కెట్‌కి వెయ్యడానికైనా బండి పనికొస్తుంది గాని కారు ఏం చేసుకుంటామని వాడి వాదన. కారు ఏం చేసుకోవాలో నాగకుమారికి బాగా తెలుసు. తీసుకెళ్లి చెల్లెలి ఇంటి ముందు ఆపాలి.

ఆ చెల్లెలు సుమిత్రమ్మ. రుద్రూరు పక్కన కోస్తా నుంచి వచ్చినవాళ్ల క్యాంపులో అక్కతో పాటే పుట్టి పెరిగి, నిజామాబాద్ రైసుమిల్లు వాళ్లింటికి కోడలుగా వెళ్లింది. వెళ్లిన మర్నాటి నుంచే క్యాంపు పేరెత్తితే ముక్కు చిట్లించడం మొదలుపెట్టిందని అక్క గారి ఫిర్యాదు. అది ఎలాగో సహించవచ్చు. కానీ పదేళ్ల కిందట సుమిత్రమ్మ కూతురి పెళ్లికి, బస్సు అందక, నాగకుమారి పందిరికి పంపుతున్న అరటి చెట్లతో పాటే ట్రాక్టరు ట్రాలీలో ఎక్కి వెళ్లింది. పట్టుచీర దులుపుకుంటూ దిగుతుంటే సుమిత్రమ్మ గుమ్మంలో నిలబడి, అందరూ వినేలా, "ఒరే, లోడు చూసి దించుకోండిరా, అరటి చెట్లతో పాటు మా అక్కయ్య కూడా ఉంది!" అంది. పెళ్లివారంతా ఘొల్లుమన్నారు. ఆ నవ్వు నాగకుమారికి ఇప్పటికీ అరగలేదు. ఈ జన్మలో ఆ చెల్లెలి గడప ముందు బండి వెనక నుంచి దిగితే తన పేరు నాగకుమారే కాదని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

ఇప్పుడా సుమిత్రమ్మ కొత్త ఇల్లు కట్టింది. మార్గశిరంలో గృహప్రవేశం, పొద్దు పొడిచే వేళ ముహూర్తం. సరిగ్గా అప్పుడే రత్తయ్యకు షిర్డీ మొక్కు గుర్తుకొచ్చింది. వరి ఇంటికి చేరింది, చెరుకు నరికే ముఠా ఇంకా దిగలేదు, ఈ నాలుగు రోజులు పోతే మళ్లీ తీరిక లేదు. బండిలో షిర్డీ వెళ్లి, తిరుగు దారిలో తిన్నగా సుమిత్రమ్మ ఇంటి దగ్గరే దిగుదామని తండ్రీ కొడుకులు తేల్చేశారు. కోడలు సుధారాణి కూడా తల ఊపింది. వెనకాల పక్క వేసుకుని హాయిగా పడుకుంటూ పోవచ్చని ముగ్గురికీ ఒకటే సంబరం.

"పోండి, పడుకుంటూ పోండి," అంది నాగకుమారి. "నేను మాత్రం ముందు సీట్లో కూర్చునే వెళ్తాను, కూర్చునే వస్తాను. సుమిత్ర వాకిట్లో ముందు డోరు తీసుకుని మనిషిలా దిగుతాను. వెనక ఎక్కడానికి నేనేమన్నా వడ్ల బస్తానా?"

బాడీ కొలత తీసుకోవడానికి బోధన్ నుంచి ముఖీత్ వచ్చాడు. తాత నాటి నుంచి పరుపులూ రజాయిలూ కుట్టే ఇల్లు వాళ్లది. తాడు పట్టి అటూ ఇటూ కొలిచి, "అమ్మా, మంచానికి కుట్టిన, దివానుకు కుట్టిన. బండికి కుట్టుడు గిదే పహిలీ బార్," అని నవ్వాడు.

"ఇవాళ పరుపడిగిన బండి రేపు దోమతెర అడుగుతుంది. దాని కొలత కూడా చూసుకుని పో," అంది నాగకుమారి.

"నవ్వులాట గాదమ్మా. కింద ఇనుము గద. సలి మీదికెల్లి రాదు, కిందికెల్లి వస్తది. మీద మూడు రజాయిలు కప్పినా ఫాయిదా లేదు, కింద మందం ఉండాలె. ఒక్కపారి పండుకొని సూడు, మల్ల నువ్వే అంటవ్."

"నేనంటానా? నా శవాన్ని కూడా అందులో వెయ్యనివ్వను."

ముఖీత్ "తోబా తోబా" అంటూ చెవులు పట్టుకుని వెళ్లిపోయాడు. రత్తయ్య మాత్రం అతని మాట మంత్రంలా పట్టుకున్నాడు. ఎండిన చెరుకాకు మోపులు మోపులు తెచ్చి బాడీలో పరిచి కాళ్లతో తొక్కాడు. దాని మీద గోనె పట్టాలు, ఆ మీద టార్పాలిన్, దాని మీద పరుపు. పైన ఇనప కమ్మీలు వంచి మందపాటి పట్టా కప్పి, వెనక జానెడు సందు వదిలాడు. సందు లేకపోతే ఊపిరి ఆవిరంతా చెమ్మై కారి తెల్లారేసరికి రజాయి తడిసిపోతుందట. పొయ్యిలో ఇటుకలు కాల్చి గోనెగుడ్డలో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంటారట! కొత్త పెళ్లికొడుకుగా ఉన్నప్పుడు కూడా ఈ మనిషి పక్క మీద ఇంత శ్రద్ధ చూపించిన పాపాన పోలేదు.

"గొడ్లు తొక్కే చెత్త మీద పడుకుంటారా, సిగ్గు లేదూ?" అంది.

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు కుమారీ."

"మర్యాద కూడా ఎరగదు."

బయలుదేరిన సాయంత్రం నాగకుమారి క్యాంపంతా చూసేలా ముందు సీట్లో కూర్చుని, అద్దం దించి, నలుగురికీ చెప్పాల్సిన అవసరం లేకపోయినా నలుగురికీ చెప్పింది, షిర్డీ వెళ్తున్నామని. అద్దం దించిందే గాని మళ్లీ పూర్తిగా ఎక్కలేదు. వేలెడు సందు మిగిలిపోయింది. మహారాష్ట్ర సరిహద్దు దాటేసరికి ఆ సందులోంచి చలి సూదిలా చెవిలో గుచ్చుకోవడం మొదలైంది. ఒక కాలికి ఇంజన్ వేడి, ఇంకో కాలికి మంచు గాలి. సీటు వెనక్కి వాలదు, వెనకాలే రేకు గోడ. ఆ గోడ అవతల నుంచి రత్తయ్య గురక వినిపిస్తోంది. ఎంత హాయిగా వినిపిస్తోందంటే, నాగకుమారికి ఒళ్లు మండి కాసేపు వెచ్చగా అనిపించింది కూడా.

మర్యాద వెచ్చగా ఉంటుందని ఆవిడకి ఎవరు చెప్పారో గాని, వాళ్లు చలికాలంలో ప్రయాణం చేసి ఉండరు.

షిర్డీలో దర్శనం అయ్యాక బండ్లు నిలిపే మైదానంలోనే రాత్రి గడిపారు. ముగ్గురూ వెనక దూరారు. "అత్తయ్యా, రండి, చాలా చోటుంది. పట్టా మూసేస్తే ఎవరికీ కనిపించదు," అని సుధారాణి బతిమాలింది.

"ఎవరికీ కనిపించకపోతే నాకు నేను కనిపించనూ?" అని నాగకుమారి ముందు సీట్లోనే శాలువా చుట్టుకుని బొమ్మలా కూర్చుంది. పొద్దున్నే పక్క కారులోంచి ఒక మరాఠీ ఆవిడ వచ్చి, పట్టా ఎత్తి ఉన్న బాడీలోకి తొంగిచూసి, పరుపు నొక్కి, రజాయి తడిమి, "లయీ భారీ!" అని మెచ్చుకుంటూ కళ్లు పెద్దవి చేసింది. కారులో పడుకున్న ఆ మనిషి నడుం పట్టుకుని నడుస్తోంది. నాగకుమారి అది చూసింది, చూడనట్టు మూతి తిప్పుకుంది. కారున్నవాళ్లకి బుద్ధి కూడా ఉండాలని రూలేం లేదు గదా.

వెనకున్న ముగ్గురికీ ముఖాలు నిగనిగలాడుతున్నాయి. "ఏం నిద్ర కుమారీ! మా అమ్మ ఒళ్లో కూడా ఇలా పడుకోలేదు," అన్నాడు రత్తయ్య ఒళ్లు విరుచుకుంటూ.

"మీ అమ్మకి ఆ సంగతి తెలుసు గనకే ముందే వెళ్లిపోయింది," అంది నాగకుమారి. మాటకు పదునేం తగ్గలేదు గాని, అంటుంటే దవడలు టకటక కొట్టుకున్నాయి.

తిరుగు ప్రయాణంలో చలి ఇంకా ముదిరింది. నాందేడ్ దాటాక దారంతా పొగమంచు. సాలూరలో, మన సరిహద్దులోకి అడుగుపెడుతూనే, ప్రేమ్‌చంద్ టీ కొట్టు దగ్గర ఆపాడు. ఇంకా చీకటే. నాగకుమారి డోరు తీసింది. దిగబోయింది. కాళ్లు రాలేదు. మోకాళ్లు తుప్పు పట్టిన గడియల్లా బిగుసుకుపోయాయి. మెడ కుడివైపుకు తిరిగి అక్కడే ఆగిపోయింది. కొడుకు రెండు చంకల్లో చేతులు వేసి దించాడు. టీ కొట్టు అద్దంలో మొహం చూసుకుంది. కళ్లు వాచి గుంటలు పడ్డాయి, జుట్టు చీపురు కట్టలా ఉంది, మెడ వంకర.

ఈ అవతారంతో ముందు డోరులోంచి దిగినా సుమిత్ర ఊరుకుంటుందా? "అయ్యో అక్కయ్యా, పక్షవాతమా?" అని కన్నీళ్లు పెట్టుకుని మరీ ఊరంతా చాటుతుంది. లోడు అనిపించుకోవడం కంటే పాపం అనిపించుకోవడం వెయ్యి రెట్లు నీచం! పదేళ్లుగా పళ్లు బిగపట్టి కాచుకున్న దిగుడు ఇది. మెడ తిన్నగా ఉండాలి, చీర నలగకూడదు, అడుగు తడబడకూడదు.

"సుధా," అంది చివరికి. "మెడ సర్దుకునే దాకా వెనక కాస్త నడుం వాలుస్తాను. కాస్తే. నిజామాబాద్‌కి ముందు జానకంపేట వస్తుందిగా, అక్కడ ఆపించి నన్ను లేపు. చీర మార్చుకుని ముందుకొచ్చేస్తాను. లేపకపోయావో, చూడు మరి."

"అలాగే అత్తయ్యా."

"నేను తనివితీరా పడుకున్నాన్లే, నువ్వెక్కు," అని రత్తయ్య వెనక నుంచి దిగి కొడుకు పక్కకు వెళ్లాడు. సుధారాణి స్టూలు వేసి అత్తగారిని ఎక్కించి, కాళ్ల దగ్గర టీ కొట్టు వాడి పొయ్యిలో కాల్పించిన ఇటుక పెట్టి, రజాయి కప్పి, వెనక తలుపు మూసింది. ముందు సీట్లో మామా కోడలూ ఇరుక్కుని కూర్చున్నారు.

నాగకుమారి వెల్లకిలా పడుకుని చీకట్లో తప్పులు వెతికింది. చెరుకాకు గరగరమంటోంది. అయితే ఆ గరగర కింద ఎక్కడా ఇనుము తగలడం లేదు. పరుపు కాస్త గట్టి. నడుముకి ఆ గట్టే కావాలనుకోండి, అది వేరే సంగతి. ఇటుక వెచ్చదనం అరికాళ్లలోంచి పిక్కల్లోకి, పిక్కల్లోంచి మోకాళ్లలోకి పాకింది. బోధన్ వైపు రోడ్డు మీద బండి ఉయ్యాలలా ఊగుతోంది. రజాయి అంచు చేత్తో తడిమి, ముఖీత్ కుట్టు వంకరగా ఉందని అనుకోబోయింది. వంకర దాకా వెళ్లకముందే నిద్ర పట్టేసింది.

ఎంతసేపైందో ఏమో. ఖణేల్‌మని చప్పుడైంది. మొహం మీద వెలుగు పడింది, వెలుగుతో పాటు చలి గాలి బకెట్టుతో కుమ్మరించినట్టు లోపలికొచ్చింది. ఎక్కడో సన్నాయి వాయిస్తున్నారు. ఆవు మెడలో గంట మోగుతోంది.

"పుట్టింటి సారె వెనకాలే ఉందా ప్రేమ్? నేనే దించుకుంటాలే," అంటున్న గొంతు సగంలో ఆగిపోయింది.

నాగకుమారి కళ్లు తెరిచింది. కాళ్ల దగ్గర, దించిన తలుపు అవతల, సుమిత్రమ్మ. ఆమె వెనక చుట్టాలు, పక్కాలు, పురోహితుడు, పూలదండలు కట్టిన ఆవు. అందరూ లోపలికే చూస్తున్నారు. తలకు మఫ్లర్, ముక్కు దాకా రజాయి, ఒక కాలు బయటికి, నోటి పక్క ఎండిన చొంగ. పదేళ్ల ఒట్టు పట్టపగలు లాంటి లైట్ల వెలుగులో అలా పడుకుని ఉంది.

సుధారాణి పరుగెత్తుకొచ్చింది. "జానకంపేటలో లేపానత్తయ్యా, మూడుసార్లు లేపాను. 'పోవే, ఆ ముందు సీట్లో నువ్వే తగలడు' అన్నారు మీరు..." అంది, ఏడుపు ఒక్కటే తక్కువ.

సుమిత్రమ్మ మొహం విప్పారింది. వెనక్కి తిరిగి జనాన్ని చూసింది, గొంతు సవరించుకుంది. "చూశారా, చూశారా, మళ్లీ మా అక్కయ్య లోడు..."

ఆ తరవాతి మాట రాలేదు. పళ్లు టకటకమని కొట్టుకుని మాటను మధ్యలోనే కొరికేశాయి.

నాగకుమారి అప్పుడు చెల్లెల్ని నిదానంగా చూసింది. జరీ బరువుకి వంగిపోతున్న పట్టుచీర. పొట్టి చేతుల జాకెట్టు, గాజుల పైన చేతులంతా గగుర్పొడిచి ఉన్నాయి. ముక్కు కొస ఎర్రగా కందింది. పూజ సామాన్లూ వంటవాళ్లూ అలంకరణా చూసుకుంటూ ఎన్ని రాత్రులు కన్ను మూయలేదో గాని, కళ్లు వాచి గుంటలు పడ్డాయి. వాకిట్లో పరిచిన పాలరాతి మీద చెప్పుల్లేకుండా ఒక కాలి మీద ఇంకో కాలు వేసి నిలబడి ఉంది. సాలూర టీ కొట్టు అద్దంలో చూసిన మొహమే అది, నగలు పెట్టుకుని. దీని కోసమా నేను పదేళ్లు నిద్ర చెడగొట్టుకుంది, అనుకుంది నాగకుమారి. తూ!

కడుపులో ఎన్నాళ్లనుంచో ఉన్న ముద్ద ఏదో కరిగి, వెచ్చగా అరికాళ్లలోకి దిగిపోయింది. లేవలేదు. మఫ్లర్ సర్దుకోలేదు. బయటికొచ్చిన కాలు మాత్రం లోపలికి లాక్కుంది.

"సుమిత్రా, ముహూర్తానికి ఇంకా ఎంతసేపుందే?"

సుమిత్రమ్మ చేతులు చంకల్లో దాచుకుంది. "గంట... గంటుంది అక్కయ్యా," అంది.

"అయితే గంటయ్యాక లేపు. ఆ తలుపు వెయ్యి ముందు, చలి లోపలికొస్తోంది."

రజాయి ముక్కు మీదికి లాక్కుని నాగకుమారి అటు తిరిగింది. ఎవరూ నవ్వలేదు. ప్రేమ్‌చంద్ కొయ్యలా నిలబడిపోయాడు, రత్తయ్య ఆవు వైపు చూస్తున్నాడు. సుమిత్రమ్మే వంగి, మంచుగడ్డలా ఉన్న ఇనప తలుపుని రెండు చేతులా ఎత్తి, చప్పుడు కాకుండా గడియ వేసింది.