లోపలి కుట్లు

మా బావ బస్సు డ్రైవరు, అక్క దర్జీ. డిపోలో ఏటా డ్రైవర్లకు ఆరోగ్య పరీక్షలు చేస్తారు. మొండిఘటం బావ ఎప్పుడూ ఏదో సాకుతో తప్పించుకునేవాడు. ఈసారి నేనూ అక్కా చెరో చెయ్యీ పట్టుకుని లాక్కెళ్లాం.

"ఈమధ్య బరువేమైనా తగ్గారా?" అని నర్సు అడిగింది.

"నేనా? గుండ్రాయిలా ఉన్నా! నిరుటి ప్యాంట్లే, ఇప్పటికీ నడుముకి అతికినట్టున్నాయి" అన్నాడు బావ.

అక్క ముఖం పాలిపోయింది. "చిక్కిపోయారంటే చిన్నబుచ్చుకుంటారని, వదులైనప్పుడల్లా నేనే లోపలికి కుట్టేస్తున్నా" అంది మెల్లిగా.

రక్తపరీక్షలో షుగరు బయటపడింది. కళ్లూ కిడ్నీలూ ఇంకా బాగానే ఉన్నాయనీ, మాత్రలతో అదుపులో పెట్టొచ్చనీ డాక్టరు ధైర్యం చెప్పాడు.

ఇంటికి రాగానే అక్క ప్యాంట్లన్నీ ముందేసుకుని, తను వేసిన కుట్లు ఒక్కొక్కటే విప్పేసింది. మర్నాడు బావ జారిపోతున్న ప్యాంటును చేత్తో పట్టుకుని, "ఇలా డ్యూటీకెలా వెళ్లనే?" అన్నాడు.

అక్క బెల్టు చేతికిచ్చింది. "ఇకమీదట వదులైతే నేను కుట్టను, ముందు ఆ నర్సమ్మ దగ్గరికెళ్లండి."