పోనీ అనాల్సిన మనిషి

పొద్దున్నే కుట్టుమిషనుకు నూనె వేయడం, కొలతల టేపు మెడలో వేసుకోవడం, లోపలి గదిలోకి వెళ్లి అత్తగారిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పడం. దర్జీకి రోజూ ఇదే వరస. భార్య భుజాలు పట్టుకునేది, ఇతను నడుము దగ్గర పట్టుకునేవాడు. ఆవిడకు క్యాన్సర్ ఎముకలకు పాకింది. తిప్పుతున్నంతసేపూ పళ్లు బిగబట్టి, నొప్పి కాస్త సద్దుకున్నాక అల్లుడి చొక్కా మీద పడేది. ఊరందరి బట్టలూ కుట్టే మనిషి చంక కింద చిరుగుతో తిరుగుతున్నాడని ఆవిడ ఫిర్యాదు. ఫిర్యాదులో అబద్ధం లేదు.

ఆ ఇంట్లో ‘పోనీ’ అనే మాట ఎవరూ అనరు. ఆ ఊళ్లో మంచాన పడ్డ మనిషి ఉన్న ఏ ఇంట్లోనూ అనరు. రోగం ఎంత ముదిరినా అక్కడ ఊపిరి తనంతట తాను ఆగదు. అనాల్సిన మనిషి, రోగికి వినపడేలా, ‘పోనీ’ అనాలి. అంటే పోతుంది. మిగతా ఊళ్లలో ఎలా పోతారో వీళ్లకు తెలియదు, ఎవరినీ అడగనూ లేదు. అలవాటు కొద్దీ ‘పో’ దాకా వచ్చేస్తే నాలుకను ఎటు తిప్పుకోవాలో పిల్లలకు మాటలతో పాటే నేర్పుతారు. అందుకే రోగులున్న ఇళ్లలో సందర్భం లేకపోయినా పోస్టాఫీసు గురించీ పోలీసుల గురించీ మాట్లాడుకుంటూ ఉంటారు.

ఆ మాట ఎవరనాలన్నదే అసలు తగువు. ఊరు ఎవరికి హక్కిస్తే వాళ్ల నోటికే అది లొంగేది. తాతల కాలంలో డాక్టరుకిచ్చారు. ఆయనకు రోగి కన్నా తన చేతివాసి మీద ప్రేమ ఎక్కువ. తన చేతుల మీదుగా ఎవరూ పోలేదని చెప్పుకోవడం కోసం ఎవరికీ అనలేదు. చివరికి ఆయనే మంచాన పడితే ఆయనకు అనడానికి డాక్టరు లేడు. పశువుల డాక్టరును ఒక పూటకు మనుషుల డాక్టరుగా ప్రకటించి పని కానిచ్చారు. అతను అలవాటు ప్రకారం మెడ నిమిరి మరీ అన్నాడట.

తర్వాత పెద్దకొడుకులకిచ్చారు. కొందరు తొందరపడ్డారు, కొందరు నలుగురేమంటారో అని నోరు కట్టుకున్నారు. ఒకతను తండ్రి మంచం పక్కనే కూర్చుని ఇల్లు పంచుకుంటూ, “పోనీ, వీధి గది నువ్వే తీసుకో” అని తమ్ముడితో అన్నాడు. తండ్రి పోయాడు. నోరు జారిందని అన్న, చంపేశాడని తమ్ముడు. ఊరు రెండుగా చీలింది. విసిగిపోయి, ఇక ఎవరూ అనకూడదని తీర్మానించారు. ఎంత దయగల తీర్మానమో అని ఒకరినొకరు మెచ్చుకున్నారు. కొన్నేళ్లలో ప్రతి ఇంటి హాలూ మంచాలతో నిండింది. పెళ్లి చేసుకున్నవాళ్లకు పడుకోవడానికి చోటు లేదు. మంచాలు చేసే వడ్రంగి మాత్రం మేడ కట్టాడు.

అప్పుడు బడి హాల్లో సభ పెట్టారు. ప్రాణం మన సొత్తు కాదన్నారు కొందరు. మరి నొప్పి ఎవరి సొత్తన్నారు ఇంకొందరు. వడ్రంగి ప్రాణం విలువ గురించి కళ్లనీళ్లతో మాట్లాడాడు. రిటైరైన పంతులమ్మ ఏమీ మాట్లాడలేదు. భర్తను మంచంతో సహా మోయించుకొచ్చి వేదిక ముందు దింపించింది, అంతే. ఆయన మూలుగుకు మైకు అవసరం లేకపోయింది. సభ తొందరగా ముగిసింది. కొత్త తీర్మానం ప్రకారం, మతి స్థిమితంగా ఉండగా, ఇద్దరు బయటివాళ్ల ఎదుట, ఎవరనాలో రోగే ఎంచుకోవాలి. ఎంచుకున్న మనిషి అననంటే బలవంతం లేదు.

చెయ్యెత్తనివాడు దర్జీ ఒక్కడే. “రేపట్నుంచి మంచాన పడ్డవాళ్లు మన మొహాలు చూడ్డం మొదలుపెడతారు. మనం విసుక్కున్న రోజున ‘నాకిక చాలు’ అంటారు. అది వాళ్ల కోరికో మన విసుగో ఎవరు తేలుస్తారు?” అని అడిగాడు. జనం చప్పట్లు కొట్టారు, కూర్చున్నందుకు.

అలాంటివాణ్ని అత్తగారు ఎంచుకుంది. ఇరుగుపొరుగు ఇద్దరినీ పిలిపించి, కొడుకూ కూతురూ చూస్తుండగా, “అల్లుడు” అంది. కొడుకు మొహం మాడిపోయింది. నేనేమైనా చచ్చానా అన్నాడు. ఆ గదిలో అనదగ్గ మాట కాదు గానీ, అతనికి సమయం సందర్భం చూసుకోవడం ఎప్పుడూ తక్కువే. దర్జీ తనవల్ల కాదన్నాడు. ఆవిడ అందరినీ బయటికి పంపేసింది.

“వాళ్లు ఏడుస్తూ అనేస్తారు నాయనా. నువ్వు వాదిస్తావు. నన్నడిగేవాడు ఒక్కడైనా ఉండాలి కదా.”

అడగడం మొదలుపెట్టాడు. రోజూ పక్క తిప్పాక, స్టూలు మీద కూర్చుని, ఇది మీ కోసమా, మా కోసమా అనేవాడు. మొదట్లో ఆవిడ నిజం చెప్పేసింది. కూతురి నడుము విరిగిపోతోందట, అది చూడలేకపోతోందట. అయితే అననని లేచి మిషను దగ్గరికి వెళ్లిపోయాడు. తర్వాత ఆవిడ తెలివిగా, అచ్చంగా నా కోసమే అంది. అబద్ధం అన్నాడు. జాకెట్టు బిగుతైందని ఒప్పుకోని ఆడవాళ్లతోనే అతని బతుకంతా గడిచింది మరి.

ఈలోగా నొప్పికిచ్చే మందు పనిచేయడం మానేసింది. ఆవిడ అరుపులు వీధి చివరి దాకా వినబడేవి. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు మళ్లీ వస్తామని గుమ్మంలోంచే వెళ్లిపోయేవాళ్లు. సభలో గొప్పగా మాట్లాడాడు, ఇప్పుడు చూడండి అని చెవులు కొరుక్కున్నారు. భార్య అనమనీ అనలేదు, అనొద్దనీ అనలేదు. మాసినవీ మాయనివీ తేడా లేకుండా దుప్పట్లన్నీ ఉతికేది.

ఒకరోజు మళ్లీ అదే ప్రశ్న వేశాడు.

“నా కోసం, మీ కోసం అని విడదీయడానికి ఇదేమన్నా గుడ్డా? రెండూ కలిపి కుట్టేసి ఉన్నాయి అల్లుడూ. విప్పావంటే రెండూ చిరుగుతాయి. నాకు నొప్పిగా ఉంది. కూతురి అవస్థ చూడలేకపోతున్నాను. రెండూ నావే.”

దర్జీ ఆ రోజు ఎవరి బట్టా కత్తిరించలేదు. మిషను ముందు కూర్చుని ఉత్తినే తొక్కాడు.

మర్నాడు తిప్పబోతే ఆవిడ కేక పెట్టింది. కుడి పక్క వద్దంది, ఎడమ పక్కా వద్దంది. భార్య చేతులు వదిలేసి గోడకానుకుంది. ఇతను ఆవిడ నడుము కింద చెయ్యి పెట్టి, ఏం చేయాలో తోచక, “పో...” అన్నాడు. ‘పోనీ, దిండు ఎత్తు చేయనా’ అని అడగబోయాడు, అంతే. మాట సగంలో తెగింది.

గదిలో ఎవరూ కదల్లేదు. చిన్నప్పట్నుంచీ నాలుకకు తెలిసిన దారులన్నీ తెరిచే ఉన్నాయి. పోస్టాఫీసు ఉంది, పోలీసులున్నారు. అత్తగారు అరుపు ఆపి అతని నోటివంకే చూస్తోంది. సూదిలోకి దారం ఎక్కిస్తున్నవాణ్ని చూసినట్టు, ఊపిరి బిగబట్టి చూస్తోంది.

“అనమంటారా అత్తయ్యా?”

“ఆఁ.”

భార్య వైపు తిరిగాడు. ఆమె గోడ వదిలి వచ్చి తల్లి భుజాలు పట్టుకుంది, ఎప్పుడూ పట్టుకునే చోటే. అప్పుడతను మిగతా సగం అన్నాడు.

ఆవిడ ఒళ్లు చేతుల్లో తేలికైంది. ఇక తిప్పక్కర్లేదని తెలిసి కూడా ఇద్దరూ కలిసి మెల్లిగా తిప్పి, వీపు వెనక దిండు సర్దారు.

నోరు జారిందని సగం ఊరు, తెలిసే అన్నాడని సగం ఊరు. సరిగ్గా సగం దగ్గర జారింది గనక రెండు పక్షాలూ గెలిచినట్టే చెప్పుకుంటున్నాయి. బావమరిది ఇప్పటికీ మాట్లాడడు. అతను మాట్లాడకపోవడం దర్జీకి పెద్ద నష్టమని ఎవరూ అనుకోలేదు.

నష్టం ఇంకో దారిన వచ్చింది. మంచాన పడ్డవాళ్లు ఒక్కొక్కరే కొడుకుల్నీ కూతుళ్లనూ వదిలేసి దర్జీని కోరుకోవడం మొదలుపెట్టారు. వాళ్లతో బంధుత్వం లేదు, కొందరితో ముఖపరిచయం కూడా లేదు. ఇప్పుడు అతను ఎదురొస్తే జనం పలకరింపుగా నవ్వి, ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉందని అడక్కుండానే చెప్పి, అవతలి పక్కకు దాటేస్తున్నారు. కుట్టడానికి గుడ్డ తెచ్చేవాళ్లు తగ్గారు.

నిన్న బేకరీ ఆయన భార్య వచ్చింది. గుమ్మం లోపలికి అడుగు పెట్టలేదు.

“మా ఆయన మిమ్మల్నే అనుకున్నారండీ. సాక్షుల్ని కూడా పిలిచేశారు.”

అననని చెప్పొచ్చు. ఊరి తీర్మానం ఆ వీలిచ్చింది. దర్జీ కత్తెర కింద పెట్టాడు.

“ఈమధ్య ఆయన మీద విసుక్కున్నారా అమ్మా?”

ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది.

“రోజూ విసుక్కుంటున్నానండీ.”

“అయితే ఇవాళ అనను” అన్నాడు దర్జీ. చెప్పులు వేసుకుని, ఆయన్ని అడగడానికి ఆవిడ వెనకే వెళ్లాడు.