అందరికీ ఒకే చీటీ

విగ్గుల దుకాణంలో జుట్టు కంటే గుట్టుకే గిరాకీ. అక్క ఇరవై రెండేళ్లుగా ఆ లెక్క మీదే వ్యాపారం నడిపింది. వీధి తలుపు నాటకాల వాళ్లకి, పెరటి తలుపు జుట్టు ఊడినవాళ్లకి. పెరటి వైపు నుంచి వచ్చిన ప్రతి మనిషికీ కొత్త చీటీ తీసి, తల కొలత, రంగు, ఊడిన కారణం రాసుకునేది. విగ్గు చేతికిచ్చిన రోజున ఆ మనిషి కళ్లముందే చీటీని ముక్కలు చేసేది. ఆవిడ సంపాదించుకున్న నమ్మకమంతా ఆ ముక్కల్లోనే ఉంది.

ప్రోగ్రామరైన తమ్ముడు దుకాణానికి వెబ్‌సైట్ తయారుచేశాడు.

"ఇందులోనూ చీటీలుంటాయక్కా. మేం ఆబ్జెక్టులంటాం."

"ఎవరి చీటీ వాళ్లదేగా?"

"అన్నెందుకు, దండగ! సైటుని నడిపే సర్వర్ మొదలెట్టగానే ఒకటి పుడుతుంది, ఆపేదాకా బతికుంటుంది. ఎవరొచ్చినా దానిమీదే రాయడం, తుడవడం."

పొదుపు అనేసరికి అక్క తలూపింది. జీవితంలో బేరమాడకుండా ఒప్పుకున్నది అదొక్కటే. తమ్ముడు నెల్లాళ్లు గదిలో ఒంటరిగా కూర్చుని పరీక్షించాడు. వచ్చేది ఒక్కడే అయితే ఒక్క చీటీ చాలదూ మరి!

సైటు తెరిచిన మొదటి రోజు ఉదయం, ఎనిమిదేళ్లుగా పెరటి తలుపున వస్తున్న హెడ్‌మిస్ట్రెస్ తన గదిలో కూర్చుని కొత్త విగ్గుకి పేరు, తల ఫోటోతో సహా వివరాలు నింపింది. సరిగ్గా అప్పుడే అదే బడిలో లెక్కల టీచరు పిల్లల నాటకానికి మీసాల కోసం సైటు తెరిచింది. కాసేపటికి దుకాణంలో ఫోన్ మోగింది.

"ఏమండీ, నేను మీసాలడిగితే మా పెద్ద మేడమ్ బోడిగుండు చూపిస్తున్నారేంటండీ?"

వెనక నుంచి పదిమంది నవ్వు వినబడింది.

"ఆపరా! ముందు దాన్నాపు!" అని అక్క అరిచింది.

తమ్ముడు ఆపాడు. "ఇద్దరూ ఒకేసారి వచ్చారక్కా. ఆవిడ రాసింది ఈవిడకి కనబడింది. ఆపేశాగా, ఆ చీటీ పోయింది."

"ఇక్కడ పోయింది. స్టాఫ్‌రూమ్‌లో పుట్టిందాన్ని ఎవడాపుతాడ్రా?"

సాయంత్రం నాలుగింటికి హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. మొదటిసారి వీధి తలుపున వచ్చింది. తలకి గుడ్డ కట్టుకుని ఉంది. సంచిలోంచి పాత విగ్గు తీసి బల్ల మీద పెట్టింది.

"మేడమ్, తప్పు మాదే..."

"ఇదివరకు నా కళ్లముందే చింపేదానివి కదమ్మా. ఈసారి చింపడానికి చీటీ ఏది?"

హెడ్‌మిస్ట్రెస్ వీధి తలుపు వైపు తిరిగింది.

"వస్తూ సందులోకి చూస్తే, నీ పెరటి తలుపు దగ్గర ఇద్దరు నిలబడున్నారు. జరిగింది చెప్పి పంపేశాను. ఏమనుకోకు."

ఆవిడ వెళ్లాక తమ్ముడు రెండు ఫోన్లు తెచ్చి పక్కపక్కన పెట్టాడు. "ప్రోగ్రాంలో రెండు లైన్లు మార్చానక్కా. ఇప్పుడు మనిషి రాగానే సొంత చీటీ పుడుతుంది, పని అవగానే పోతుంది. చూడు, దీంట్లోది దాంట్లో కనబడదు."

"బాగానే ఉందిరా," అంది అక్క. "మనుషులేరీ?"

వాడు ఫోన్లు జేబులో వేసుకున్నాడు. అక్క లేచి పెరటి తలుపు తీసింది. సందు చివరిదాకా ఎవరూ లేరు. తలుపు దగ్గరికి లాగి, గొళ్లెం మీద చెయ్యి వేసి ఆగింది. వేసినా, వెయ్యకపోయినా, ఇక లెక్కలో తేడా ఏమీ రాదు.