ఏవిస్‌ను ఎవరు తీసుకున్నారు?

మా ఆల్థర్‌బీలో ఏ ఇంటి గడప తొక్కినా, "యుద్ధంలో పట్నం పిల్లల్ని మా నానమ్మ సాకింది" అంటారు. ఆ లెక్కన బాంబులు పడతాయని హల్ రేవుపట్నం నుంచి రైలెక్కించి పంపిన పిల్లలకంటే వాళ్ళను చేరదీసిన ఇళ్ళే ఎక్కువ. బస్సు రాకపోయినా, గాలివానకు కరెంటు పోయినా మావాళ్ళు చెప్పుకునే ధైర్యం ఒకటే: బాంబులకే బెదరనివాళ్ళం, దీనికి బెదురుతామా?

ఆ పిల్లల్లో ఊళ్ళో మిగిలింది ఏవిస్ ఒక్కతే. తొంభై దాటింది. అమ్మానాన్నలు హల్‌లో బాంబుల కింద పోతే, వెనక్కి వెళ్ళడానికి ఇల్లు లేక ఇక్కడే ఉండిపోయింది. పెళ్ళి లేదు. ఏడాది పొడుగునా ఆమె తలుపు తట్టేది గాలే. జూన్‌లో, ఊరంతా యుద్ధకాలపు బట్టలేసుకుని జాతర చేసుకునే శనాదివారాల్లో మాత్రం ఆమె కావాలి. కారు వస్తుంది. ముందు వరసలో కుర్చీ, మోకాళ్ళమీద దుప్పటి, పక్కన నిలబడి ఫొటోలు. ఆ రెండు రోజుల కోసమే ఆమె చలికాలం దాటేది.

జాతరలో అసలు వేడుక చర్చి హాల్లో. పిల్లలకు పాత కోట్లు తొడిగి, పేర్ల చీటీలు కట్టి, వేదికమీద వరసగా నిలబెడతారు. అప్పట్లోలాగే పెద్దలు వచ్చి ఎంచుకుని తీసుకుపోతారు. ఎవరి మనవణ్ణి వాళ్ళే ఎంచుకుంటారు కాబట్టి చిటికెలో వేదిక ఖాళీ. అప్పుడు ఏవిస్ లేచి, "ఈ ఊరు మమ్మల్ని చేతులు చాచి తీసుకుంది" అనాలి. ఏళ్ళుగా అంటూనే ఉంది.

కిందటేడు కారులో తీసుకువెళ్తూ కమిటీ పెద్ద క్లైవ్ మాడిసన్ అన్నాడు: "ఈసారి మా నానమ్మ పేరు కూడా చెప్పండి ఆంటీ. మిమ్మల్ని చూడగానే 'ఈ పిల్ల నాది' అందట కదా."

"ఎవర్రా చెప్పింది?"

"నానమ్మే. పోయేదాకా చెప్పింది."

"మీ నానమ్మ చాలా చెప్పేదిలే. తన చేతి వంట బాగుంటుందని కూడా చెప్పేది."

క్లైవ్ పగలబడి నవ్వాడు. ఏవిస్ నవ్వలేదు.

హాల్లో వేదిక ఖాళీ అయింది. ఆమె మైకు పట్టుకుని ఖాళీ వేదికకేసి తిరిగింది. ఏడుపు ఆపుకుంటోంది కాబోలు అనుకున్నారు జనం.

"నన్నెవరూ తీసుకోలేదు," అంది.

హాలంతా నవ్వింది. ముసలాళ్ళ ఎకసెక్కాలంటే మావాళ్ళకు ప్రాణం.

"నిజం. నా మొహం నిండా పుళ్ళు, వాటిమీద ఊదారంగు మందు. గట్టి మగపిల్లల్ని రైతులు పట్టుకుపోయారు. ముద్దొచ్చే ఆడపిల్లల్ని పెద్దిళ్ళ అమ్మగార్లు. నేను మిగిలాను. పిల్లల్ని ఇళ్ళకు పంచే అధికారి నన్ను ఇంటింటికీ తిప్పాడు. తలుపు తీసేవాళ్ళు, నన్ను చూసి వేసుకునేవాళ్ళు. చట్టం చూపించి బెదిరిస్తే క్లైవ్ నానమ్మ ఒప్పుకుని, బట్టలుతికే కొట్టంలో పడుకోబెట్టింది. నా పళ్ళెం కూడా వేరే."

ఎవరో దగ్గారు. క్లైవ్ మెల్లగా మైకు అందుకున్నాడు. మొహం కందిపోయింది గానీ గొంతు తొణకలేదు.

"విన్నారా? ఇన్ని పడి కూడా మనలో ఒకరై నిలిచింది. అదీ మన దేశం!"

చప్పట్లు మోగాయి. బాండు అందుకుంది. ఆమె గాయాన్ని కూడా మావాళ్ళు పతకంలా రొమ్ముకు తగిలించేసుకున్నారు. టీ దగ్గర మాత్రం ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు.

ఇంటిముందు దించుతూ క్లైవ్ అన్నాడు: "నాతో ముందే చెప్పాల్సింది ఆంటీ."

"నువ్వెప్పుడు అడిగావు నాయనా?"

ఈ ఏడు కారు రాలేదు. పక్క ఊరి సిరిల్‌ను తెచ్చుకున్నారు. యుద్ధం ముగిసేనాటికి పాలసీసా వదలనివాడు, వాళ్ళమ్మ చెప్పిందంతా తాను చూసినట్టే చెబుతాడు.

ఏవిస్ మంచి కోటు వేసుకుని, మధ్యాహ్నందాకా తలుపు తెరిచి కూర్చుంది. ఆ తర్వాత కర్ర పట్టుకుని తనే నడిచి వెళ్ళి వెనక వరస చివర నిలబడింది. వేదికమీద సిరిల్ చేతులు బారజాపి చూపిస్తున్నాడు, ఊరు పిల్లలందరినీ ఎలా తీసుకుందో. అందరితోపాటు ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

పక్కనున్నామె ఈ మధ్యే లండన్ నుంచి వచ్చి ఊళ్ళో ఇల్లు కొనుక్కుంది. కళ్ళొత్తుకుంటూ ఇటు వంగింది.

"ఆ రోజుల్లో మీరు ఇక్కడే ఉన్నారా అమ్మా?"

"లేదు తల్లీ," అంది ఏవిస్. "నేను తర్వాత వచ్చాను."

పక్కనామె జరిగి చోటిచ్చి, తన ఫ్లాస్కులోంచి టీ పోసి ఏవిస్ చేతికిచ్చింది.