మిగిలిన మందు

నాగక్క వాళ్ళ ఊళ్ళో కామెర్లకు పసరు తాగినా, పిల్లలకు దగ్గుమందు తాపినా ఒకటే పద్ధతి. జబ్బు నెమ్మదించిందంటే తలకు పోసుకొని, మిగిలిన మందును పారే నీళ్ళలో వదిలెయ్యాలి. ఇంట్లో ఉంచుకుంటే జబ్బు దాన్ని వెతుక్కుంటూ వస్తుందట. బిడ్డను కన్నప్పటి నుంచీ గోడవైపు తిరిగి పడుకొన్న కోడలు శివలీల, ఆదోనిలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలతో లేచి, పక్కింటామెతో కొళాయి దగ్గర పోట్లాడేంత మనిషయింది. నాగక్క సంతోషం పట్టలేకపోయింది. అత్తాకోడళ్ళిద్దరూ తలకు పోసుకొని, మాత్రలన్నీ కాలువలో వదిలి వచ్చారు.

వారం తిరక్కముందే శివలీలకు కళ్ళు తిప్పితే చాలు, తలలో కరెంటు కొట్టినట్టు జిమ్మనడం మొదలైంది. నిద్ర లేదు, అన్నం చూస్తే వాంతి, ఊరికే ఏడుపు.

"అత్తా, మల్లా వచ్చింది. ఇంగ నాకు బాగుగాదు. పాపను నువ్వే పెంచుకో."

ఆ మాట వినగానే నాగక్క లేచింది. తాయెత్తు కట్టిద్దామని పక్కింటామె అంటున్నా వినకుండా, పాపను చంకనేసుకొని కోడలిని బస్సెక్కించింది.

డాక్టరమ్మ అంతా విని తల పట్టుకుంది. "జబ్బు తిరిగొచ్చిందని భయపడొద్దు. అలవాటైన మందు ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు ఇట్లాగే గోల చేస్తుంది. మళ్ళీ మొదలుపెట్టి, మెల్లగా తగ్గిద్దాం. నన్నడక్కుండా మాత్రం మానొద్దు."

శివలీల ముఖం వాడిపోయింది. "మల్లా మొదటికేనా మేడమ్?"

"మొదటికి యాడిదే!" నాగక్క అందుకుంది. "మిద్దె మీంచి దూకుతారా ఎవురైనా? మెట్లు దిగల్ల. నిన్ను తోసింది నేను. ఈ తూరి చెయ్యి పట్టుకోని దింపుతా."

మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. శివలీల కొన్ని నెలలు నిలకడగా ఉన్నాక డాక్టరమ్మ సగం మాత్ర వేసుకోమంది. నాగక్క వక్కలు కత్తిరించే అడకత్తెరను కడిగి, మాత్ర మీది గీతకు సరిగ్గా పెట్టి నొక్కింది.

"ఆకూ సున్నం గూడా ఇస్తావా అత్తా?"

"నోరు మూసుకోని మింగవే."

కొన్నాళ్ళకు, పొయ్యి ముందు సంగటి గెలుకుతూ శివలీల ఆగిపోయింది. తల జిమ్మంది. నాగక్క పాపను చంకనేసుకొని దగ్గరికొచ్చింది.

"ఎట్లుండాదే? డాక్టరమ్మకు ఫోన్ చేద్దామా?"

శివలీల గోడ పట్టుకొని కాసేపు కళ్ళు మూసుకుంది. భయం ముఖంలో కనిపించింది. కానీ ఏడవలేదు.

"అప్పుటంత లేదత్తా. రేపటికీ తగ్గకుంటే చేద్దాం. నువ్వు సంగటి గెలుకు, అడుగంటుతాంది. నేను కూసుంటా, పాపను ఇట్లియ్యి."