కిటికీ చెయ్యి, గేరు చెయ్యి

"నాచు సారం ఇరవై లీటర్లు దిగింది సార్" అని కెమిస్టు ఫోన్ చేస్తే, ఫోనెత్తిన ఓనరు భార్య చెవిలో అది నాటుసారాగా దిగింది. ఆవిడ ఉన్నపళాన ఫ్యాక్టరీకొచ్చి డ్రమ్ము మూత తీసి వాసన చూసింది.

"ఇది తాగినవాడు బతకడు," అంది.

"తాగడానికి కాదండీ. సముద్రపు నాచు రసం. మొహానికి రాసుకునే క్రీములో కలుపుతాం."

ఆవిడ మొహం ముడుచుకుంది. ఓనరుది మాత్రం ముడుచుకునే మొహం కాదు. 'నల్లనివారిని తెల్లబరుస్తుంది, తెల్లబడ్డాక ఎండనుంచి కాపాడుతుంది' అని అప్పటికే పెట్టెల మీద అచ్చు వేయించాడు. నలుపు నేరమైనట్టు, తాను బెయిలిప్పించే ప్లీడరైనట్టు. ఇక కావలసింది పరీక్ష రిపోర్టు, దాని కింద కెమిస్టు సంతకం.

ల్యాబు గాజు పళ్లెంలో పెంచిన చర్మకణాల రంగును నాచు సారం తగ్గించిన మాట నిజమే. "మనుషుల మీద చూడాలి సార్, ముప్ఫైమందైనా ఉండాలి," అంది కెమిస్టు. ఓనరు ముప్ఫైలో ఇరవైతొమ్మిది కొట్టేసి, ఫ్యాక్టరీ వ్యాను డ్రైవరును పట్టుకున్నాడు. ఎనిమిది వారాలు స్వహస్తాలతో అతని ఎడమచేతికి క్రీము రాశాడు. పోలికకు కుడిచెయ్యి వదిలేశాడు.

డీలర్లను పిలిచిన రోజు గోడమీద రెండు చేతుల ఫోటో వెలిగింది. కుడిది డికాషను, ఎడమది పాలు కలిపిన కాఫీ.

"సంతకం పెట్టమ్మా. నువ్వు పెట్టకపోతే రేపొచ్చే కెమిస్టు పెడతాడు," అన్నాడు ఓనరు మెల్లగా.

"క్రీము రాయకముందు తీసిన ఫోటో ఏది సార్?"

"అదెందుకు దండగ. కుడిచెయ్యే ముందు, ఎడమచెయ్యే తర్వాత."

ముందూ వెనకా చూడని మనిషి ముందు ఫోటో ఎందుకు తీస్తాడు? కెమిస్టు కలం తెరిచి డ్రైవరు వైపు చూసింది. అతను కుర్చీలో కూర్చుని, అలవాటుగా కుడి మోచెయ్యి కిటికీ గట్టుమీద పెట్టాడు. ఎండ సరిగ్గా దానిమీదే పడుతోంది.

"అన్నా, బండిలోనూ ఇలాగే కూర్చుంటావా?"

"అవునమ్మా. మన బండికి స్టీరింగు కుడివైపు కదా. పద్నాలుగేళ్ళనుంచీ ఇది కిటికీ చెయ్యి, ఇది గేరు చెయ్యి. మా పిల్లలు నన్ను జీబ్రా అంటారు."

"అంటే ఈ తేడా ముందునుంచీ ఉందా?"

"ఉందమ్మా. సారు అడగలేదు, నేను చెప్పలేదు. క్రీము మాత్రం మంచిదే, గేరు మెత్తగా పడుతోంది."

కెమిస్టు రిపోర్టులో 'తెలుపుకు కారణం: నాచు సారం' అన్నచోట కొట్టేసి, 'వ్యాను పైకప్పు' అని రాసింది. నిండుగా సంతకం పెట్టింది. తెల్లకోటు విప్పి కుర్చీకి తగిలించింది.

"ఏమైందండీ?" అన్నాడు వెనక వరస డీలరు.

ముందు వరసలో కూర్చున్న ఓనరు భార్య లేచింది. "ఏం లేదు బాబూ. ఎండ తగిలిన చెయ్యి నల్లబడింది, తగలని చెయ్యి నల్లబడలేదు. మా ఆయన దాన్ని కనిపెట్టారు. ఆ రోజు డ్రమ్ములో ఉన్నది సారా అనుకున్నాను. సారాయే నయం, తాగినవాడికే ఎక్కుతుంది. ఇది అమ్మేవాడికెక్కింది."